బైపీసీ చదివి కెమెరా పట్టినోళ్లు



మా కథలాపూర్ లెక్క కొంచెం తిరకాసుగా ఉంటుంది. జిల్లా జగిత్యాల. ఎమ్మెల్యే ఓటు మాత్రం వేములవాడకు. పెండ్లి బట్టలకైనా పంటి నొప్పికైనా పోయేది కోరుట్లకు. అందుకే చుట్టుపక్కల ఏ కొత్త కాలేజీ వచ్చినా మాకు సగం సంబరం దక్కుతుంది. 2022 నవంబరులో జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఏడాది తిరగకముందే, 2023 సెప్టెంబరులో, సిరిసిల్లలో ఇంకోటి తెరిచారు. మాకంటే ముందు తరం వాళ్లకు ప్రభుత్వ సీటు అంటే వరంగల్‌లోని కాకతీయ మెడికల్ కాలేజీ, లేకపోతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ. ఇప్పుడు అటు పోయినా ఇటు పోయినా తెల్లకోటు పిల్లలు బస్టాండులో కనబడుతున్నారు.

ఇట్లాంటి రోజుల్లో, డాక్టరు చదువు పక్కన పెట్టి సినిమాలకూ వీడియోలకూ పోయినవాళ్ల గురించి మాట్లాడటం కొందరికి గిట్టదు. "ఉన్న పిల్లలను చెడగొట్టేటందుకా?" అని అడుగుతారు. చెడగొట్టేటందుకు కాదు. నేను కూడా బైపీసీ చదివినవాణ్నే, ఇప్పుడు కెమెరా పని మీద బతుకుతున్నవాణ్నే. ఈ పని గురించి మా ఊళ్లల్లో రెండే మాటలు వినబడతాయి. ఒకటి, "సినిమా అంటే పిచ్చి." రెండోది, "యూట్యూబ్‌లో లక్షలు వస్తయట." ఈ రెండింటి నడుమ ఒక పని ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

ముందు ఇంట్లో డాక్టరు ప్లాను ఎట్లా తయారవుతుందో చూద్దాం. పదో తరగతి రిజల్టు వస్తుంది. సైన్సులో మార్కులు బాగుంటాయి. అంతే, ఖాయమైపోయినట్టే. నాయిన దుబాయి నుంచో మస్కట్ నుంచో ఫోన్ చేసి, "పైసల సంగతి నేను సూసుకుంట బిడ్డా, నువ్వు చదువు" అంటాడు. అవ్వ ఒడిలో చాట పెట్టుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, బీడీ చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తూ వింటుంది. ఆమె లెక్క ఆమెకుంది. కొడుకు డాక్టరైతే ఈ చాట అటక మీదికి పోతుంది. ఆ లెక్కను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. గల్ఫ్ పోయినోళ్లు, బీడీలు చుట్టినోళ్లు పిల్లలను డాక్టర్లు చేయాలనుకోవడం ఆశ మాత్రమే కాదు, ఇంటికి ఒక బీమా.

తర్వాత ఇంటర్ బైపీసీ, కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో హాస్టలు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్. ఆ తర్వాత నీట్. ఒక్క మధ్యాహ్నం, 180 ప్రశ్నలు, 720 మార్కులు. 2024లో ఆ పరీక్షకు దేశం మొత్తమ్మీద 24 లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఎంబీబీఎస్ సీట్లు, ప్రైవేటువి కూడా కలుపుకుంటే, దాదాపు లక్షా పది వేలు. అంటే ఇరవై మంది రాస్తే ఒక్కరికి సీటు దొరకడం కూడా కష్టమే. అందులోనూ ప్రైవేటు సీటు వస్తే ఫీజు చూసి కడుపు మంట. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్, అంటే ఇంకో ఏడాది కోచింగ్. అదీ కాకపోతే ఇంకో లాంగ్‌టర్మ్. అప్పటికీ కాకపోతే ఏజెంటు వస్తాడు. జార్జియా అంటాడు, కిర్గిజిస్థాన్ అంటాడు, ఫిలిప్పీన్స్ అంటాడు. 2022లో యుద్ధం మొదలై ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు పుస్తకాలు వదిలేసి విమానాలెక్కి ఇండ్లకు రావడం అందరం టీవీల్లో చూశాం. అయినా ఏజెంట్ల ఫోన్లు ఆగలేదు.

ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పాలి. డాక్టరు కాకుండా కెమెరా వైపు వచ్చేవాళ్లు రెండు రకాలు. సీటు రాక వచ్చినవాళ్లు కొందరు. సీటు వచ్చినా, వచ్చే దారి ఉన్నా వద్దనుకున్నవాళ్లు కొందరు. ఊళ్లో అందరినీ ఒకే గంపలో వేస్తారు. కెమెరా పనికి మాత్రం ఆ తేడా అక్కర్లేదు. సీటు రాకపోవడం సిగ్గుపడే సంగతేమీ కాదు, లెక్క ఇందాకే చెప్పాను కదా. కాకపోతే నీట్‌లో అలసిపోయి, "నాకు మొదటి నుంచి సినిమా అంటేనే ఇష్టం" అని ఇంట్లో కొత్త కథ చెప్పేవాడు ఆ కథను తను కూడా నమ్ముతాడు. చిక్కంతా అక్కడే. సినిమా అతనికి సెలవులా కనిపిస్తుంది. ఇక్కడ పొద్దున నాలుగింటికి లేచి వెలుతురు కోసం కాచుకుని కూర్చోవాలని తెలిసేసరికి ఏడాది పోతుంది.

ఇక నిజంగా వైద్యం వైపు నుంచి సినిమాకు పోయిన మనవాళ్లెవరో చూద్దాం.

పాతవాళ్లకు డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గుర్తుంటారు. తుంగతుర్తి మనిషి. ఉస్మానియాలో ఎంబీబీఎస్ పూర్తిచేశారు. 1960లో 'చివరకు మిగిలేది' సినిమాతో తెరమీదికి వచ్చారు. ఆ సినిమా కథ జరిగేదే మానసిక రోగుల ఆసుపత్రిలో, సావిత్రి అందులో నర్సు. వైద్యం చదివిన మనిషి మొదటి సినిమాకే ఆసుపత్రి కథలో పడటం విచిత్రమే. తర్వాత వందల సినిమాల్లో నటించారు, కథలు రాశారు, పేరుకు ముందు డాక్టరు మాత్రం చివరిదాకా అట్లాగే ఉంది. హైదరాబాద్‌లో సినిమా కార్మికుల చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టింది ఊరికే కాదు, ఆ ఇండ్ల కోసం ఆయన భూమి ఇచ్చారు.

ఈ కాలానికి వస్తే 2017 సంవత్సరం తీసుకోండి. జూలైలో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్లగా మన యాసలో మాట్లాడి అందరినీ మెప్పించిన సాయి పల్లవి అప్పటికే జార్జియాలోని తిబిలిసిలో వైద్య విద్య పూర్తిచేసింది. ఆమె మలయాళంలో 'ప్రేమమ్' చేసింది 2015లో, ఇంకా చదువుకుంటుండగానే. 'ఫిదా' వచ్చిన నెల రోజులకు, ఆగస్టులో, 'అర్జున్ రెడ్డి' వచ్చింది. ఆ సినిమా తీసిన సందీప్ రెడ్డి వంగా వరంగల్ మనిషి, ధార్వాడ్‌లో ఫిజియోథెరపీ చదివాడు. ఆ తర్వాత సిడ్నీ పోయి సినిమా చదువు చదివాడు. 2010లో 'కేడి'కి, ఆ తర్వాత 'మళ్ళీ మళ్ళీ ఇది రాని రోజు'కు డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాడు. తన మొదటి సినిమా వచ్చేసరికి 2017. అందులో హీరో సర్జన్. ఆ హీరో నడవడిక మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి, అవి ఇంకో రోజు. కానీ మెడికల్ కాలేజీ హాస్టలు ఎట్లుంటుందో, ఆపరేషన్ గదికి పోయేవాడు చేతులు ఎట్లా కడుక్కుంటాడో తీసినవాడికి ఆ లోకం దగ్గరి నుంచి తెలుసునని చూస్తుంటేనే అర్థమవుతుంది.

మన దేశం బయట కూడా ఒక మనిషిని చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా డైరెక్టర్ జార్జ్ మిల్లర్. సిడ్నీలో డాక్టరు, ఎమర్జెన్సీలో పనిచేసేవాడు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిని వచ్చినవాళ్లను రోజూ చూసేవాడు. 1979లో వచ్చిన 'మ్యాడ్ మ్యాక్స్'లో ఆ రోడ్డు, ఆ వేగం, ఆ దెబ్బలు అన్నీ ఉన్నాయి. ఆ సినిమాకు కావలసిన డబ్బు కోసం కూడా ఆయన డాక్టరు డ్యూటీలు చేశాడు.

వీళ్లందరినీ వరసగా పెట్టి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒక్కరు కూడా చదువు నడుమ వదిలేసి రైలెక్కలేదు. కోర్సు పూర్తిచేసి, చేతిలో పట్టా పెట్టుకున్నాకే పూర్తిగా ఇటు తిరిగారు. మెడిసిన్ రెండో సంవత్సరంలో ఉన్న పిల్లలెవరైనా ఇది వింటుంటే, నా సలహా మీ అమ్మానాన్నల సలహాకు దగ్గరగానే ఉంటుంది. సీటు దొరికింది కాబట్టి పూర్తిచేయండి, సెలవుల్లో తీయండి. సాయి పల్లవి చేసిందదే. సీటు ఇంకా రానివాళ్లకు, ఇంటర్ అయిపోయి ఎటూ తేల్చుకోలేనివాళ్లకు మాత్రం నేను చెప్పేది వేరే.

వాళ్లకు నేను చూపించే మనిషి డాక్టరు కాదు. శ్యామ్ బెనెగల్. పుట్టిపెరిగింది సికింద్రాబాద్ దగ్గర తిరుమలగిరి, అల్వాల్ దిక్కున. సినిమా తీయాలని బొంబాయి పోయాడు. పోగానే సినిమా ఎవరిస్తారు? 1959లో లింటాస్ అనే ప్రకటనల కంపెనీలో కాపీరైటరుగా చేరాడు. సబ్బులకు, సరుకులకు మాటలు రాశాడు. తర్వాత ప్రకటన చిత్రాలు, డాక్యుమెంటరీలు వందలకొద్దీ తీశాడు. 'అంకుర్' కథ కాలేజీ రోజుల నుంచీ ఆయన మనసులో ఉన్నదే. అది తెరకెక్కింది 1974లో. దానికి డబ్బు పెట్టిన బ్లేజ్ సంస్థ కూడా థియేటర్లకు ప్రకటన చిత్రాలు పంపే సంస్థే. అంటే, మన తెలంగాణ దొరల గడీ మీద తీసిన ఆ గొప్ప సినిమా వెనకాల ప్రకటనల లోకం ఉంది. తర్వాత 1987లో పోచంపల్లి నేతన్నల మీద 'సుస్మన్' తీశాడు. సత్యజిత్ రే కూడా 'పథేర్ పాంచాలీ'కి ముందు కలకత్తాలో ఒక బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసిన ఉద్యోగే.

సినిమా పిచ్చికీ యూట్యూబ్ లక్షలకూ నడుమ ఒక పని ఉందని మొదట్లో అన్నది దీని గురించే. ఇవాళ దాన్ని వీడియో మార్కెటింగ్ అంటున్నారు. బట్టల షాపుకు, స్కూలుకు, విత్తనాల దుకాణానికి, దవాఖానకు, ఫంక్షన్ హాలుకు అర నిమిషం వీడియో నుంచి మూడు నిమిషాల వీడియో దాకా తీసిపెట్టే పని. ఈ పనిలో కథ చెప్పడం వస్తుంది, వెలుతురు తెలుస్తుంది, కోత తెలుస్తుంది, అన్నింటికంటే ముఖ్యం, నెలాఖరుకు ఎంతో కొంత చేతికి వస్తుంది.

ఇది మన దిక్కు కొత్తేమీ కాదు. మల్యాల మండలం లంబాడిపల్లి అందరికీ తెలుసు. 2012లో శ్రీరామ్ శ్రీకాంత్ అక్కడ 'మై విలేజ్ షో' మొదలుపెట్టాడు. సెట్లు లేవు. ఊరే సెట్టు, పెంకుటిల్లే సెట్టు, వాకిట్లో కోడి కూడా నటే. పొలం పనులు, బీడీ పని చేసిన మిల్కూరి గంగవ్వ అందులో తిట్టిన తిట్లకు దుబాయి క్యాంపుల్లో మనవాళ్లు పడీపడీ నవ్వారు. 2020లో ఆమె బిగ్ బాస్‌కు పోయింది. ఈ షో వల్ల జరిగిన అసలు మార్పు వేరే ఉందంటాను. అప్పటిదాకా వీడియో అంటే పెండ్లికి వచ్చే ఫోటోగ్రాఫరు. ఆ తర్వాత మా మండలంలో పిల్లలు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోతే, "గిదేం పని?" అనే ముసలవ్వ కూడా కొంగు సర్దుకుని కెమెరా వైపు చూడటం మొదలుపెట్టింది.

సిరిసిల్లది ఇంకో కథ. యెల్దండి వేణు సిరిసిల్ల మనిషి. ఏండ్ల తరబడి హాస్య వేషాలు, టీవీ స్కిట్లు వేసి, 2023 మార్చిలో 'బలగం'తో డైరెక్టరయ్యాడు. చావింట్లో పిట్టకు పెట్టే ముద్ద చుట్టూ కథ అల్లాడు. ఊళ్లల్లో పంచాయతీ ముందర తెర కట్టి ఆ సినిమా వేసుకున్నారు. అది చూసి మా దిక్కు చాలామంది పిల్లలు "మా తాత కథ కూడా ఉంది" అని బయల్దేరారు. తాతలందరికీ కథలుంటాయి నిజమే. కానీ వేణు అంతకుముందు స్టేజీ మీద, తెర మీద ఎన్నేండ్లు మాటల కొలత నేర్చుకున్నాడో ఆ పిల్లలు లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు పని ఎట్లుంటుందో కొంచెం దగ్గరి నుంచి చూపిస్తాను. సిరిసిల్లలో ఒక ఆసామి తన సాంచల (పవర్‌లూమ్‌ల) షెడ్డుకు వీడియో తీయమన్నాడనుకుందాం. ఫోన్ తీసుకుని లోపలికి పోతారు. మొట్టమొదటి చిక్కు వెలుతురు. షెడ్డులో ట్యూబులైట్లుంటాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, లైటు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ స్పీడు అరవయ్యో వంతు మీద పెట్టి తీస్తే తెర మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటాయి. యాభయ్యో వంతుకు మార్చి, సెకనుకు 25 ఫ్రేములు పెడితే పట్టీలు పోతాయి. చాలా ఫోన్లలో ఈ సర్దుబాటు మామూలు కెమెరా యాప్‌లో ఉండదు, దానికి వేరే యాప్ వేసుకోవాలి.

రెండో చిక్కు చప్పుడు. వరసగా సాంచలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. ఆ చప్పుడులోనే కార్మికుడిని నిలబెట్టి మాట్లాడిస్తే ఒక్క ముక్క పనికిరాదు. మాట బయట, గోడ చాటున, కాలరుకు మైకు పెట్టి తీసుకోవాలి. బొమ్మ లోపల తీసుకోవాలి. తర్వాత రెండూ అతికించాలి. చప్పుడును మొత్తం తీసేయకూడదు, కింద సన్నగా ఉంచాలి, లేకపోతే సిరిసిల్ల సిరిసిల్లలా ఉండదు. ఇక నాడె, అంటే షటిల్. నిమిషానికి వందకు పైగా అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఎక్కడ పట్టుకోవాలో తెలియాలి. నాడె మీద ఫోకస్ పెడితే గీతలా పోతుంది. పోగు మీద పెట్టి, నాడె దాన్ని దాటిపోయే చోటు పట్టుకుంటే బట్ట పెరగడం కనిపిస్తుంది. పొద్దంతా తీసేసరికి లెన్సు మీద దూది పీచు పేరుకుంటుంది. తుడుస్తూ ఉండాల్సిందే.

ఇంతా చేసి తీసిన దాంట్లో వాడేది అర నిమిషం. ఆ అర నిమిషంలో ఏం చెప్పాలో తెలియకపోతే ఈ కష్టం దండుగ. దీనికి మంచి పాఠం కూడా సిరిసిల్లలోనే ఉంది. నల్ల పరంధాములు, ఆయన కొడుకు నల్ల విజయ్ నేసిన అగ్గిపెట్టెలో పట్టే చీర. ఎంత పలుచగా ఉంటుందో, ఎన్ని రోజులు నేశారో మాటల్లో ఎంత చెప్పినా, చీర మడిచి అగ్గిపెట్టెలో పెట్టి మూసిన ఆ ఒక్క దృశ్యానికి సాటిరాదు. వాళ్లు కెమెరా కోసం నేయలేదు. కానీ ఏ ప్రకటన కంపెనీ కూడా అంత పక్కాగా ఆలోచించలేదు. చూపించగలిగింది మాటల్లో చెప్పొద్దు అని ఈ వ్యాపారంలో కొత్తవాళ్లకు నేర్పేది దాన్ని చూపించే.

డబ్బు సంగతి కూడా విప్పి చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ అక్కడే ఉన్నాయి. సొంత యూట్యూబ్ చానల్ మీద ప్రకటనల వాటా రావాలంటే కనీసం వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. లేదా షార్ట్స్‌కు తొంభై రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. అది దాటినా, నెలకు వచ్చేది చాలామందికి పెట్రోలు ఖర్చుకు కూడా సరిపోదు. వేరే వాళ్ల వ్యాపారానికి వీడియో తీసే పనిలో ఆ ఎదురుచూపు లేదు. షాపు యజమాని మీకు డబ్బు ఇచ్చేది వ్యూస్‌కు కాదు, పనికి. ఆ వీడియోను ఆయన యూట్యూబ్‌లో ప్రకటనగా వేస్తే, చూసేవాడు ఐదు సెకన్ల తర్వాత దాటేయొచ్చు. ముప్పై సెకన్లు చూస్తేనో, చిన్న ప్రకటన అయితే పూర్తిగా చూస్తేనో, లేదా దాని మీద నొక్కితేనో షాపు యజమానికి ఖర్చు పడుతుంది. అంటే మొదటి ఐదు సెకన్లలో ఏం పెట్టాలి అన్నదే మీ చదువు. కోరుట్ల షాపుల వాళ్లు ఇప్పటికీ ఆ ఐదు సెకన్లు లోగో తిప్పడానికి, దేవుడి ఫోటోకు, యజమాని నమస్కారానికి ఇమ్మంటారు. ఒప్పించాలి. లోగో, నమస్కారం వీడియో చివరికి జరపమని మంచిగా చెప్పాలి. దేవుడి ఫోటో దగ్గర మాత్రం నేను వాదించను.

ఇక బైపీసీ అక్కరకొచ్చే చోటుకు వద్దాం. మా దిక్కు వీడియోలు బాగా అడిగేవాళ్లు దవాఖానలవాళ్లు. డెలివరీ గురించి, మోకాళ్ల గురించి, పంటి కట్ల గురించి. బైపీసీ చదివినవాడికి డాక్టరు చెప్పేది ఒక్కసారికే ఎక్కుతుంది. ఇన్సులిన్ అంటే ఏమిటో మళ్లీ అడగడు, స్టెంటు ఎక్కడ పెడతారో బొమ్మ గీసి చూపించగలడు. రోగిని, "ఎప్పటి సంది? ఎక్కడ? దేనివల్ల ఎక్కువైతది?" అని అడిగే పద్ధతి తెలిసినవాడు షాపు యజమానిని కూడా అట్లాగే అడుగుతాడు. "మీ దగ్గరికి ఎవరొస్తరు? ఎందుకు తిరిగిపోతరు?" ఇది నేర్పించే కోర్సు నాకెక్కడా కనబడలేదు.

కానీ బైపీసీ ఇంకో పనికి కూడా ఉపయోగపడాలి. వద్దనడానికి. ఒక దవాఖానవాళ్లు, ఏ ఊరో ఎవరో చెప్పను, "మా మందుతో షుగరు పూర్తిగా మాయం" అని పెద్ద అక్షరాల్లో వేయమన్నారు. పక్కన ఒక ముసలాయన ముఖం, అంతకుముందు బక్కగా, ఆ తర్వాత బాగా. నేను చేయనన్నాను. వాళ్లు వేరే వాళ్లతో చేయించుకున్నారు, నా పాత బిల్లు కూడా ఇంకా బాకీ. కానీ 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బుల జాబితా ఇచ్చింది, అందులో షుగరు ఉంది, క్యాన్సరు ఉంది, పక్షవాతం ఉంది. వాటిని ఫలానా మందు నయం చేస్తుందని ప్రకటించడం నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ప్రకటన వేయించినవాడి మీదే కాదు, అందులో పాలుపంచుకున్నవాడి మీదికి కూడా వస్తుంది. వీడియో తీసినవాడు పాలుపంచుకోలేదని ఎట్లా అంటాం?

డాక్టర్లకు వేరే నియమాలున్నాయి. మెడికల్ కౌన్సిల్ 2002లో చేసిన నిబంధనల ప్రకారం డాక్టరు రోగుల కోసం ప్రకటనలు ఇచ్చుకోవడం సరికాదు. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, అడ్రసు మారినప్పుడు, కొన్నాళ్లు ఉండనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు లాంటి సందర్భాల్లో చెప్పుకోవచ్చు. రోగి అనుమతి లేకుండా అతని ఫోటో, కేసు వివరాలు బయట పెట్టకూడదు. అందుకే దవాఖాన వీడియోలో రోగి ముఖం ఉంటే నేను కాగితం మీద సంతకం తీసుకుంటాను. చదువురాని అవ్వ అయితే ఆమె పక్కన కొడుకునో కోడలినో కూర్చోబెట్టి, ఈ వీడియో ఎక్కడెక్కడ కనబడుతుందో, దుబాయిలో ఉన్న మనుమడి ఫోనుకు కూడా వస్తుందని చెప్పి, అప్పుడు వేలిముద్ర. సగం మంది అవ్వలు ఆ మాట వినగానే, "ఆగు బిడ్డా, చీర మార్చుకొస్త" అంటారు. అడ్డం చెప్పిన అవ్వలు కూడా ఉన్నారు, వాళ్ల షాట్ తీసేయాల్సిందే.

ఇంకొకటి. ఎంబీబీఎస్ చేయకుండా తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు వేసుకుని ఆరోగ్య సలహాలిచ్చే రీల్స్ మన దగ్గర కూడా మొదలయ్యాయి. 2023 ఆగస్టు నుంచి ఆరోగ్యం మీద సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్లు తమ చదువేమిటో చూపించాలని మార్గదర్శకాలున్నాయి. బైపీసీ ఆ చదువు కిందికి రాదు. కెమెరా వెనకాల ఉండి డాక్టరుతో మాట్లాడించండి.

చదువు కావాలనుకునేవాళ్లకు దారులు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే ఫోటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, 1960లో పెట్టింది, కలకత్తాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, 1995లో పెట్టింది, ఈ రెండింట్లో డైరెక్షన్, ఎడిటింగ్, సౌండ్ లాంటి పెద్ద కోర్సులకు డిగ్రీ కావాలి. ఏ డిగ్రీ అయినా. కోరుట్లలో వెటర్నరీ కాలేజీ ఉంది, జగిత్యాల పొలాసలో వ్యవసాయ కాలేజీ ఉంది. బైపీసీ చదివినవాడు అక్కడ డిగ్రీ చేసి, సెలవుల్లో పశువుల సంతలో, వరి పొలంలో కెమెరా పట్టుకుని, తర్వాత పుణె పరీక్ష రాయొచ్చు. అమ్మానాన్నలకు చెప్పుకోవడానికి డిగ్రీ, పిల్లగానికి కథలు. రెండూ ఒకేచోట. ఎడిటింగ్, సౌండ్ మాట కూడా పట్టించుకోండి. మన పిల్లలందరికీ డైరెక్షనే కావాలి. ఎడిటరుకు, సౌండ్ మనిషికి పని ఎప్పుడూ ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. నీట్ లాంగ్‌టర్మ్‌కు మీరు ఏడాది ఇస్తారు, కుదరకపోతే ఇంకో ఏడాది ఇస్తారు. హాస్టలు ఫీజు, కోచింగ్ ఫీజు కడతారు, ఎవరూ తప్పుపట్టరు. కెమెరా పట్టుకుంటానన్నవాడికి కూడా అంతే గడువు, అంతే డబ్బు పెట్టండి. ఎక్కువ వద్దు. మొదటి ఏడాది ఎవరి దగ్గరైనా సహాయకుడిగా పోనీయండి. పెండ్లిళ్ల సీజన్‌లో కోరుట్ల, మెట్‌పల్లి స్టూడియోలకు మనుషులు చాలరు. డ్రోన్ మోయనీయండి, రాత్రంతా ఆల్బమ్ కూర్చనీయండి. రెండో ఏడాది సొంతంగా బేరం మాట్లాడనీయండి. పని మొదలుపెట్టేముందు సగం అడ్వాన్సు అడగడం, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తాడో కాగితం మీద రాయడం, బాకీ ఉన్నవాళ్ల షాపు ముందు సిగ్గుపడకుండా నిలబడటం, ఇవి ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పరు. ఏడాదికి ఇరవై లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అవసరం, అంతదాకా వస్తే మీరే సంతోషంగా చేయిస్తారు.

రెండేండ్లు అయినాక వాడి సబ్‌స్క్రైబర్లు ఎంతమందో అడగకండి. ఫోన్‌లో తీసిన షార్ట్ ఫిల్మ్ చూపిస్తానంటే చూడండి, మెచ్చుకోండి. ఆ తర్వాత బిల్లు పుస్తకం తెమ్మని, ఎవరెవరు డబ్బు ఇచ్చారో, అందులో రెండోసారి పిలిచినవాళ్లు ఎంతమందో పేరుపేరునా లెక్కపెట్టండి. రెండోసారి పిలిచినవాళ్లు ఒక్కరూ లేకపోతే కోరుట్ల వెటర్నరీ కాలేజీ అడ్మిషన్ల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనుక్కోండి.